పదిహేడో వరుస

ఆ బజారులో ఆమెను ఎదురుగా "అక్కా" అనేవాళ్ళు, వెనక్కి తిరగ్గానే "తాటకి" అనేవాళ్ళు. రెండు పేర్లూ ఆమెకు తెలుసు. రెండోది చెవిన పడితే అన్నవాడి చెంప పగిలిపోయేది గనక దాన్ని గుసగుసగానే అనుకునేవాళ్ళు. ఆమెకు చెయ్యి ముందు, నోరు తర్వాత. అలాంటి మనిషి పొద్దస్తమానం చేసే పని మాత్రం సూదిలో దారం ఎక్కించినంత సున్నితమైనది. పోయిన ఫైళ్ళు వెలికితీయడం.

దుకాణం నేలమాళిగలో ఉండేది. అటు గడియారాలు బాగుచేసేవాడు, ఇటు వైర్లు అమ్మేవాడు, మధ్యలో ఈమె. మెట్లు ఎప్పుడూ తడిగానే ఉండేవి. వచ్చే గిరాకీలో సగం కొట్లాటల పుణ్యమే. మొగుడు గోడకేసి కొట్టిన ఫోను, పెళ్ళాం నీళ్ళ బక్కెట్లో ముంచిన లాప్‌టాప్, అన్నదమ్ములు లాక్కుంటే మధ్యలో నలిగిన డిస్కు. పగులు చూసి, అది గోడకు తగిలిందా మనిషి నెత్తికి తగిలిందా చెప్పేసేది. "నెత్తే కదూ? ఆయనకి ఎన్ని కుట్లు పడ్డాయి?" అని అడిగితే, ఫోను తెచ్చిన ఇల్లాలు తలదించుకుని నవ్వేది.

ఆమెకు ఒక సిద్ధాంతం ఉంది. ఫైలు పేరు నమ్మకూడదు. "పేరుదేముందమ్మా, కుక్కకి రాజా అని పెట్టుకుంటే గద్దెక్కుతుందా? తలకాయ చూడాలి" అనేది. తలకాయ అంటే ఫైలు మొదట్లో ఉండే కొన్ని బైట్లు. బోలెడు ఫైళ్ళను ఒక్క మూటగా కట్టే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఒక్కో రకం మూట తన గుర్తును మొదట్లోనే పచ్చబొట్టులా పొడిపించుకుని పుడుతుంది. జిప్ అయితే పీ, కే అని రెండక్షరాలు. రార్ అయితే తన పేరే చెప్పుకుని పక్కన ఒక ఆశ్చర్యార్థకం. సెవెన్ జెడ్ అయితే ఏడంకె, జెడ్. పైన ఎవడు ఏ పేరు తగిలించినా, పాట అన్నా, ఫోటో అన్నా, బైట్లను విడివిడిగా చూపించే పనిముట్టులో పెట్టి తెరిస్తే మొదటి వరుసలోనే దొంగ దొరికిపోతాడు. ఆమె చిన్న పాత తెర మీద వరుసకు పదహారు బైట్ల చొప్పున ఒకేసారి పదహారు వరుసలు కనబడేవి. ఆమెకు అన్ని కూడా అక్కర్లేదు, ఒక్కటి చాలు.

మనుషుల విషయంలోనూ అంతే. మొదటి చూపులోనే తేల్చేసేది. అలా అవ్వడానికి కారణం ఉంది. పెళ్ళైన కొత్తలో మొగుడి చేతిలో ఆమె రోజూ దెబ్బలు తినేది. బెల్టుతో, గరిటెతో, ఏది దొరికితే దాంతో. రెండు పళ్ళు రాలాయి, ఒక వేలు వంకరపోయింది. అమ్మానాన్నా లేరు, బడికెళ్ళే తమ్ముడు తన దగ్గరే ఉన్నాడు, వాడి తిండి కోసం నోరు మూసుకుంది. ఒకరోజు ఆ మహానుభావుడు తమ్ముడి జుట్టు పట్టుకుని తలను గుమ్మానికేసి కొట్టాడు. ఆమె ఇస్త్రీ చేస్తోంది. కాలుతున్న పెట్టెను ఎత్తి మొగుడి మొహం మీద పెట్టింది. వాడు కేకలు వేస్తూ మెట్ల మీంచి దొర్లుకుంటూ పోయాడు. మళ్ళీ ఆ ఇంటి ఛాయలకు రాలేదు. కాలిన చర్మం వాసన ఆమెకు చాలాకాలం అసహ్యంగా అనిపించలేదు, అదే నిజం. ఆ రోజు నుంచి ముందు కొట్టడం, తర్వాత అడగడం ఆమె పద్ధతైంది.

తమ్ముడు మాత్రం దూదిపింజ. ఎదిగి ఆరడుగుల మనిషయ్యాడు, గిడ్డంగిలో బస్తాలు దించే పనిలో చేరాడు, కానీ ఒకర్ని ఏరా అని పిలిచి ఎరుగడు. అలాంటివాడి మీద హత్యకేసు పడింది.

జరిగింది ఇది. గిడ్డంగిలో ఒక కూలీ పాదం మీద పెట్టెలు కూలి ఎముకలు పిండైపోయాయి. మిగతావాళ్ళు పని ఆపేశారు. మేనేజరు ఇనుప గొట్టాలతో మనుషుల్ని దింపాడు. తూకం గదిలో మోకాళ్ళు, ముక్కులు, మోచేతులు చూడకుండా బాదారు. తమ్ముడి చేతిలో బస్తాలు లాగే కొక్కెం ఉంది. మేనేజరు దాన్ని లాక్కుని వాడినే పొడవబోయాడు. అన్నేళ్ళుగా గేటు కాస్తున్న ముసలి వాచ్‌మన్ "వద్దు బాబూ" అంటూ అడ్డం వచ్చాడు. కొక్కెం ఆయన మెడలో దిగింది. మేనేజరు పిడి తుడిచి దాన్ని కిందపడేసి, "చంపేశాడ్రోయ్!" అని తమ్ముణ్ణి చూపించి అరిచాడు. మనుషులందరూ అతని మనుషులే. అందరూ తమ్ముడి పేరే చెప్పారు. కూలీల్లో చూసినవాళ్ళు సగంమంది ఆసుపత్రిలో, మిగతా సగం భయంలో ఉన్నారు.

లాకప్‌లో తమ్ముణ్ణి చూసినప్పుడు ఆమె గుర్తుపట్టలేదు. కళ్ళు వాచి మూసుకుపోయాయి, చేతి గోళ్ళు నల్లబడ్డాయి.

"నేను కాదక్కా" అన్నాడు వాడు.

"నువ్వని ఎవడన్నాడ్రా? నోరు నొప్పి పెట్టుకోకు" అంది ఆమె. బయటికొచ్చి గోడను పిడికిలితో గుద్దింది. నెత్తురొచ్చింది. కేసు ఒప్పుకున్న లాయరు గారు ఉన్నమాట చెప్పారు. చేతిలో ఆధారం లేకపోతే కుర్రాడికి జీవితఖైదు తప్పదు.

ఆధారం ఉందని చెప్పినవాడు కెమెరాలాయన. ఆ చుట్టుపక్కల కెమెరాలు బిగించేదీ బాగుచేసేదీ అతనే. సన్నగా, పొడుగ్గా, మాట్లాడితే తడబడే మనిషి. అతను ఒక మధ్యాహ్నం అటూ ఇటూ చూసుకుంటూ దుకాణంలోకి దిగాడు.

"అక్కా, తూకం గది కెమెరా రికార్డింగు పెట్టెను మొత్తం తుడిచెయ్యమన్నాడు మేనేజరు. తుడిచాను. తుడిచేముందు ఆ పెట్టె కట్టిన మూటల్ని ఇందులోకి లాగాను" అని చిన్న డిస్కు చేతిలో పెట్టాడు. "ఎవరైనా వెతికితే తెలీకూడదని పేర్లన్నీ మార్చేశా. ప్రింటరు సాఫ్ట్‌వేరు ఫైళ్ళలా ఉంటాయి. నిజం ప్రింటరువి కూడా కొన్ని కలిపా. ఏది ఏదో ఇప్పుడు నాకే తెలీదు. నేను వైర్ల మనిషిని, నీ అంత చదువు లేదు. కానీ అందులో ఉంది. ఒట్టు."

"తలకాయలు చూస్తే అవే చెప్తాయి, నువ్వెళ్ళు" అంది ఆమె.

ఆ సాయంత్రమే కూర్చుంది. ఒక్కో ఫైలూ తెరిచింది. పీ, కే కనిపిస్తే విప్పింది, ప్రింటరు సరంజామా. రార్ కనిపిస్తే విప్పింది, అదీ ప్రింటరుదే. మిగిలినవాటికి తలకాయే లేదు. మొదట్లో ఏదో లాగ్ ఫైలు పేరు, తర్వాత సున్నాలు, నడుమ కాసిని అంకెలు, మళ్ళీ సున్నాలు, తెర అడుగుదాకా సున్నాలే. ఏ మూట గుర్తూ కాదు, ఏ వీడియో గుర్తూ కాదు. పరిమాణం పెద్దదే, కానీ సున్నాలతో కడుపు నింపుకున్న చెత్త ఫైళ్ళు ఆమె ఎన్ని చూడలేదు! పది తెరిచింది, అన్నీ అలాగే ఉన్నాయి. పదకొండోదానికి ఆమెకు తిక్కరేగింది. డిస్కు పీకి చెత్తబుట్టలో విసిరికొట్టింది.

మర్నాడు దుకాణం తీసీ తీయగానే మేనేజరు మనుషులు ముగ్గురు దిగారు. మాటా లేదు మంతీ లేదు, మొదటివాడు గొట్టంతో గాజు బల్ల పగలగొట్టాడు. రెండోవాడు ఆమె తెరను నేలకేసి కొట్టి పైనెక్కి తొక్కాడు. అరలో ఉన్న డిస్కులన్నీ కిందకు లాగి సుత్తితో ఒక్కోటీ చితక్కొట్టారు. గిరాకీల ఫోటోలు, చచ్చిపోయినవాళ్ళ గొంతులు, పిల్లల పుట్టినరోజులు, అన్నీ రేకుముక్కలయ్యాయి. ఆమె స్క్రూడ్రైవరు తీసి ఒకడి అరచేతిలో దించింది. అది అటువైపు వచ్చింది. వాడు పెట్టిన కేకకు గడియారాలాయన షట్టరు దించేసుకున్నాడు. మూడోవాడు గొట్టంతో ఆమె పక్కటెముకల మీద కొట్టాడు. ఆమె బల్లకింద కూలబడింది.

వాడు వంగి, పళ్ళికిలించి అన్నాడు. "ఆ కెమెరావాడు నీకేదో ఇచ్చాడటగా? నీ పిచ్చిగానీ, వాడు మా మనిషే. నీకిచ్చింది వట్టి గాలి."

చెత్తబుట్టను ఎవరూ ముట్టుకోలేదు.

ఆమెకు పక్కటెముకలకన్నా ఆ మాటే ఎక్కువ నొప్పి పెట్టింది. డిస్కులో ఏమీ లేదు, అది తన కళ్ళతో చూసింది. వాడు మా మనిషే అంటున్నారు. రెండూ రెండూ కలిపి నాలుగనుకుంది. కోపం వచ్చినప్పుడు లెక్క ఎంత సులువుగా కుదురుతుందో! ఆ సమయంలో, పగిలిన గాజు మీద చెప్పులు చప్పుడు చేసుకుంటూ కెమెరాలాయన పరుగున వచ్చాడు. గొడవ విని వచ్చాడు పాపం.

"అక్కా! ఏమైందక్కా? దెబ్బలు తగి—"

ఆమె చేతికి కంప్యూటరు కరెంటు పెట్టె దొరికింది. ఇటుకంత ఉంటుంది, ఇటుకకన్నా బరువు. దాన్ని రెండు చేతులా ఎత్తి అతని మొహం మీద కొట్టింది. దవడ విరిగిన చప్పుడు మెట్లమీద ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది. అతను కింద పడ్డాడు. ఆమె మళ్ళీ కొట్టింది. "అమ్ముకున్నావురా! నా తమ్ముణ్ణి అమ్ముకున్నావు!" అని అరుస్తూ కొట్టింది. వైర్లవాడూ ఇంకో ఇద్దరూ కలిసి లాగితేగానీ ఆగలేదు. అతను నోట్లోంచి నెత్తురూ పళ్ళూ ఉమ్ముతూ, చేతులు అడ్డంగా ఊపుతూ ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు. ఆసుపత్రికి మోసుకెళ్ళారు. అక్కడ ఎవరు కొట్టారని అడిగితే, మెట్లమీద జారిపడ్డానని కాగితం మీద రాసి చూపించాడు.

ఆ సంగతి ఆమెకు అప్పటికి తెలియదు. పక్కటెముకలకు గుడ్డ బిగించుకుని, చెత్తబుట్టలోంచి డిస్కు ఏరుకుని లాయరు గారి దగ్గరికి వెళ్ళింది, ఇంక ఆధారం మీద ఆశ వదులుకోండని చెప్పడానికి.

"నేనూ ఒకసారి చూస్తానమ్మా, జడ్జిగారు అడిగితే చెప్పాలి కదా" అన్నారాయన. బల్లమీద ఆయనది నిలువుగా ఉండే కొత్త పెద్ద తెర. ఆమె తన పెన్‌డ్రైవులో ఎప్పుడూ ఉంచుకునే ఆ పనిముట్టును పెట్టి, చెత్త ఫైలొకటి తెరిచింది.

"ఇదిగోండి, ఈ పేరు, ఈ సున్నాలు. వాడు మనకి చేసిన దగా ఇదీ."

"మరి కింద ఆ అక్షరాలేమిటి?" అన్నారు లాయరు గారు అమాయకంగా.

ఆమె చూసింది. పదహారు వరుసలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఈ తెరకు ఇంకా చోటుంది గనక, కింద పదిహేడో వరుస కూడా కనిపిస్తోంది. ఆ వరుస మొదట్లో యు, ఎస్, టి, ఎ, ఆర్ అని అయిదు అక్షరాలు.

పని నేర్చుకున్న మొదటి ఏడాదే ఆమె దీన్ని చదివింది. మూటల్లో టార్ అని ఒక పాత జాతి ఉంది. దానికి తలమీద గుర్తుండదు. మొదట్లో లోపలున్న మొదటి ఫైలు పేరు రాసుకుంటుంది, తన గుర్తును మాత్రం రెండువందల యాభై ఆరు బైట్లు, అంటే సరిగ్గా పదహారు వరుసలు, దాటాక దాచుకుంటుంది. కెమెరా పెట్టెలు, రూటర్లు లాంటివాటికి ఆ మూటంటేనే ఇష్టం. అదీ తెలుసు. అన్నీ తెలుసు. తెలిసీ, ఒక్క వరుస కిందికి జరపలేదు.

విప్పింది. తూకం గది వచ్చింది. గొట్టాలు లేచి పడుతున్నాయి, చప్పుడు లేదు. మేనేజరు తమ్ముడి చేతిలోంచి కొక్కెం లాక్కోవడం, ముసలాయన అడ్డం రావడం, ఆయన మెడ పట్టుకుని మెల్లగా కూర్చోవడం, అన్నీ అద్దంలో చూసినట్టున్నాయి. తమ్ముడు ఆయన గాయం మీద తన చొక్కా అదిమిపెట్టి ఏడుస్తున్నాడు.

లాయరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "గెలిచామమ్మా! ఈ డిస్కు తెచ్చినాయన కోర్టుకొచ్చి, ఫలానా పెట్టెలోంచి నేనే తీశానని చెప్తే చాలు. ఎక్కడుంటాడు?"

ఆమె "ఆసుపత్రిలో" అని లేచి ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఏ నోరు కావాలో ఆ నోరే విరగ్గొట్టి వచ్చింది.

ఆసుపత్రి వరండాలో కెమెరాలాయన భార్య కూర్చుని ఉంది. పొట్టి మనిషి. ఆమె గొంతు ఎలా ఉంటుందో కూడా బజారులో ఎవరికీ తెలియదు. తాటకిని చూసి లేచింది, దగ్గరికొచ్చింది, చెయ్యి అందక కాలివేళ్ళ మీద నిలబడి చాచి చెంపమీద కొట్టింది. వరండా అంతా తిరిగి చూసింది. తాటకి కుడిచెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. రెండో చెంప మీద కూడా పడింది. ఇస్త్రీపెట్టె రోజు తర్వాత ఆమె తిరిగి కొట్టకుండా దెబ్బ తినడం ఇదే మొదలు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నొప్పికి కాదు.

"పెద్దదానివని ఊరుకున్నా, లేకపోతే కళ్ళు పొడిచేసేదాన్ని" అంది ఆ చిన్నమనిషి రొప్పుతూ. "మెట్లమీద పడ్డానని రాశాడు, నీమీద కేసు పడకూడదట! దవడలో తీగలు బిగించారు. గొట్టంతో జావ తాగుతున్నాడు. మళ్ళీ నీ తమ్ముడి కోసం కోర్టుకి వస్తానంటున్నాడు, ఈయనకి బుద్ధుందా అసలు?"

"నేను పొరబడ్డానమ్మా. కాళ్ళు పట్టుకుంటా."

"నా కాళ్ళెందుకు? ఆయన మాట్లాడలేడు, రాసిస్తాడు. కానీ ఈ దవడ ఎవరు విరగ్గొట్టారో ముందు నువ్వు చెప్పాలి. అందరి ముందూ, జడ్జిగారి ముందూ చెప్పాలి. నా మొగుడు మెట్లమీద పడే తాగుబోతు కాదు."

పక్కన నిలబడ్డ లాయరు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఈవిడ అన్నదే దారి. బజారంతా చూసింది, దాస్తే దాగదు. ముద్దాయి అక్క సాక్షిని చావగొట్టి అబద్ధం రాయించిందని అవతలివాళ్ళు అంటారు, వీడియో కూడా గంగలో కలుస్తుంది. కానీ చెప్తే నువ్వు లోపలికెళ్తావమ్మా. ఆలోచించుకో."

"తమ్ముడు బయటికొస్తాడా?"

"వస్తాడు."

"ఇంక ఆలోచనేముంది?" అంది ఆమె.

కోర్టులో అవతలి లాయరు అనుకున్నంతా అన్నాడు. సాక్షి దవడకు తీగలెందుకున్నాయో ముద్దాయి అక్కగారినే అడగమన్నాడు. ఆమె బోనెక్కింది.

"నేనే కొట్టానండీ. మెట్లూ లేవు ఏమీ లేవు. కరెంటు పెట్టె పెట్టి కొట్టాను."

"మీక్కావలసినట్టు చెప్పమనే కదా?"

"ఆయన తెచ్చిన డిస్కులో ఏమీ లేదనుకుని కొట్టాను. ఉందని తెలిసుంటే నెత్తిన పెట్టుకునేదాన్ని. ఎవరైనా కావలసిన సాక్షి నోరు విరగ్గొట్టుకుంటారా బాబూ?"

జనంలో ఎవరో నవ్వారు. అవతలి లాయరు వదల్లేదు. "ఇదే మీ వృత్తి. ఉన్నది లేదని ఎలా పొరబడ్డారు?"

"పదహారు వరుసలే చూశాను. గుర్తు పదిహేడోదాన్లో ఉంది."

జడ్జిగారు తెర తెప్పించి, ఆ పదిహేడో వరుస తన కళ్ళతో చూశారు. కెమెరాలాయన తన సాక్ష్యం రాసిచ్చాడు. వీడియో ఆడుతుండగానే మేనేజరు తలుపు వైపు పరిగెత్తాడు, అడ్డొచ్చిన కానిస్టేబులు మొహం మీద గుద్దాడు, ఇద్దరు కలిసి నేలకేసి అదిమితేగానీ దొరకలేదు. తమ్ముణ్ణి వదిలేశారు. మనిషి దవడ విరగ్గొట్టినందుకు అక్కకు శిక్ష పడింది. తమ్ముడు చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "నోర్ముయ్యరా, జనం చూస్తున్నారు" అంది ఆమె.

జైలు ములాఖత్ గదిలో ఇటొక బల్ల, అటొక బల్ల, మధ్యలో జాలీ. తమ్ముడు వారం వారం వచ్చేవాడు. వర్షాలు మొదలయ్యాక ఒకసారి వెంట కెమెరాలాయన కూడా వచ్చాడు. భార్య గేటు బయటే ఆగిపోయిందట, లోపలికి రానందట. తీగలు తీసేశారు. మొహం ఒకపక్కకు లాగేసినట్టుంది.

"అక్కా" అన్నాడు.

ఆ రెండక్షరాలూ వంకరగా, ఈలతో కలిసి వచ్చాయి. ఆమె జాలీ పట్టుకుని భోరుమని ఏడ్చింది. మొగుడు పళ్ళు రాలగొట్టినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఒక మనిషి మాటను తను జీవితాంతం వంకర చేసింది, దాన్ని ఏ పనిముట్టూ సరిచెయ్యదు. అతను ఇబ్బందిగా కదిలి, పని మాట ఎత్తాడు. తమ్ముడూ అతనూ కలిసి దుకాణం తెరిచారట.

"ఒకావిడ డిస్కు తెచ్చిందక్కా. వాళ్ళాయన పోయాడు, ఆయన గొంతు అందులో ఉందంటోంది. తలకాయలు చూశాను. ఏమీ లేదు. లేదని చెప్పి పంపించెయ్యనా?" అన్నాడతను.

పూర్వం ఆమె అయితే ఈపాటికి జాలీలోంచి చెయ్యి పెట్టి చెంప పగలగొట్టి ఉండేది. ఇప్పుడు కొంగుతో మొహం తుడుచుకుంది.

"కిందికి జరిపి చూశావా?"

"లేదు."

"చూడు నాయనా" అంది ఆమె. "చివరిదాకా చూడు. చూశాకే ఆవిడకి లేదని చెప్పు."